కప్పులో ఒదిగిన సోలార్ కలెక్టర్‌కు ఏ సిమ్యులేషన్ ఎంచుకోవాలి?

నీళ్లు కాచే సోలార్ కలెక్టర్‌ను స్టాండు మీద నిలబెట్టడం ఒక పద్ధతి. పెంకులో రేకులో తీసేసి, ఆ స్థానంలో కలెక్టర్‌నే కప్పుగా కూర్చడం మరో పద్ధతి. ఎదుటి నుంచి చూస్తే రెండూ ఒకే వస్తువు. కంప్యూటర్‌లో లెక్క కట్టడానికి కూర్చున్నప్పుడు మాత్రం దారులు వేరవుతాయి. మొదటిదాని వెనుక బయటి గాలి ఉంటుంది. రెండోదాని వెనుక అటక ఉంటుంది, లేదా నేరుగా గదే ఉంటుంది. అందుబాటులో ఉన్న ప్రోగ్రాములు ఎక్కువగా మొదటి రకాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే. అందుకే "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది" అన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: నా కలెక్టర్ వెనుక ఏముంది, అటువైపు పోయే వేడితో నాకు పని ఉందా? దీనికి జవాబు తేలితే సగం ప్రోగ్రాములు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

వెనుకకు పోయే వేడి ఎంత?

దీన్ని తేల్చడానికి సాఫ్ట్‌వేర్ అక్కరలేదు, కాగితం చాలు. గాజు మూత ఉన్న మామూలు కలెక్టర్ తీసుకుందాం. శోషక పలక వెనుక 50 మిల్లీమీటర్ల ఖనిజ ఉన్ని ఉంది. దాని ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 0.04 వాట్లు. కాబట్టి వెనుక నుంచి చదరపు మీటరుకు, ప్రతి డిగ్రీ తేడాకు 0.8 వాట్లు పోతాయి. పలక 60 డిగ్రీల దగ్గర, బయటి గాలి 30 దగ్గర, అటక 45 దగ్గర ఉన్నాయనుకుందాం. స్టాండు మీద ఉంటే వెనుక నష్టం 24 వాట్లు, కప్పులో ఉంటే 12. తేడా 12 వాట్లు. ఎండ చదరపు మీటరుకు 800 వాట్లు ఉన్నప్పుడు ఇది ఒకటిన్నర శాతం. ఒక ఏడాదికీ మరో ఏడాదికీ ఎండలో వచ్చే తేడాయే దీన్ని మించిపోవచ్చు.

అంటే వెనుక ఉష్ణరోధకం సరిగ్గా ఉంటే, వేడినీళ్ల దిగుబడి లెక్కకు కలెక్టర్ కప్పులో ఉన్నా స్టాండు మీద ఉన్నా పెద్దగా మారదు. ఈ ఒక్క విషయం ముందే తెలుసుకోక, సులువుగా తేలే పనికి భారీ ప్రోగ్రాము నేర్చుకోవడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవారు చాలామంది.

ఇప్పుడు అదే కలెక్టర్ నుంచి ఉష్ణరోధకం తీసేద్దాం. పలక కింద సన్నటి గాలి సందు, దాని కింద పలుచటి చెక్క. వెనుక నష్టం డిగ్రీకి 4 వాట్లు అనుకుందాం. అటక వైపు చదరపు మీటరుకు 60 వాట్లు దిగుతాయి. అదే నిర్మాణం వెనుక బయటి గాలి ఉంటే 120 పోయేవి. తేడా ఇప్పుడు ఏడున్నర శాతం, దీన్ని వదిలేయడం కుదరదు. పైగా 4 చదరపు మీటర్ల కలెక్టర్ అయితే అటకలోకి 240 వాట్లు వస్తున్నాయి. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి 100 వాట్ల వేడి వస్తుంది కాబట్టి, ఇది ఇద్దరు ముగ్గురు మనుషులు పగలంతా అటకలో కూర్చున్నట్టు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కలెక్టర్ లేకపోయినా కప్పు వేడెక్కేదే, ఆ వేడి కొంత లోపలికి దిగేదే. కాబట్టి 240 వాట్లు అదనపు భారం కాదు. అసలు కప్పును ఒకసారి, కలెక్టర్ కూర్చిన కప్పును ఒకసారి విడివిడిగా నడిపి తేడా తీయాలి. ఉష్ణరోధకం ఉన్న కలెక్టర్ అయితే గది చల్లబడే వీలు కూడా ఉంది. ఈ పోలిక చేయకుండా "గది వేడెక్కుతోంది" అని తేల్చే నివేదికలను నేను పక్కన పెట్టేస్తాను.

ఉష్ణరోధకం, గాజు రెండూ ఉన్నప్పుడు

ఈ రకానికి తేలికైన దారి చాలు. గాజు కలెక్టర్లను ఐఎస్‌ఓ 9806 ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. ఆ పరీక్ష నుంచి ముఖ్యంగా మూడు సంఖ్యలు వస్తాయి: నష్టాలేవీ లేనప్పటి సామర్థ్యం, ఉష్ణోగ్రత తేడాకు అనులోమంగా పెరిగే నష్టం, తేడా వర్గంతో పెరిగే నష్టం. వరుసగా 0.78, 3.6, 0.014 అనుకుందాం. నీటి సగటు ఉష్ణోగ్రత గాలి కన్నా 30 డిగ్రీలు ఎక్కువగా, ఎండ 800 వాట్లుగా ఉంటే 0.78 నుంచి 0.135 పోతుంది, ఇంకో 0.016 పోతుంది, చివరికి 0.63 మిగులుతుంది. ఎండలో 63 శాతం నీటిలోకి చేరిందన్నమాట.

కలెక్టర్ విషయంలో దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఇదే సమీకరణాన్నో, దీనికి మూలమైన, 1950లలో హాటెల్, విల్లియర్, బ్లిస్ రూపొందించిన సూత్రాన్నో వాడతాయి. కాబట్టి ఎక్కువ ఖరీదైన సాఫ్ట్‌వేర్ కలెక్టర్‌ను ఎక్కువ కచ్చితంగా లెక్కిస్తుందనుకోవడం భ్రమ. ప్రోగ్రాముల మధ్య అసలు తేడా ట్యాంకులో, పంపు నియంత్రణలో, నీళ్లు వాడే తీరులో ఉంటుంది.

అన్నిటికన్నా చిన్న పనిముట్టు ఎఫ్-చార్ట్. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో క్లైన్, బెక్‌మన్, డఫీ 1970లలో దీన్ని తయారుచేశారు. వందలాది సిమ్యులేషన్లు నడిపి, వాటి ఫలితాలను ఒకే బహుపదిగా కుదించారు. నెలకు రెండు సంఖ్యలు ఇస్తే సరిపోతుంది. నష్టాల సంఖ్య ఎక్స్, రాబడి సంఖ్య వై. ఎక్స్ 2, వై 1 అయితే ఆ నెల వేడినీళ్ల అవసరంలో 68 శాతం ఎండ తీరుస్తుందని వస్తుంది. స్ప్రెడ్‌షీటులో పన్నెండు వరుసలు వేస్తే ఏడాది లెక్క పూర్తయినట్టే. కెనడా ప్రభుత్వ సంస్థ రూపొందించిన రెట్‌స్క్రీన్‌లో ట్యాంకు ఉన్న వేడినీళ్ల వ్యవస్థకు వాడేది కూడా ఈ పద్ధతే.

ఎఫ్-చార్ట్‌ను చిన్నచూపు చూసేవారు చాలామంది. నా దృష్టిలో కలెక్టర్ వైశాల్యం 4 చదరపు మీటర్లా 6 చదరపు మీటర్లా అని తేల్చుకోవడానికి ఇంతకు మించినది అనవసరం. దాని హద్దులు మాత్రం గుర్తుండాలి. చదరపు మీటరు కలెక్టర్‌కు 75 లీటర్ల నిల్వ అనేది దాని ప్రామాణిక కొలత. 37.5 నుంచి 300 లీటర్ల వరకు దిద్దుబాటు గుణకం ఉంది, ఆ పరిధి దాటితే ఫలితాన్ని నమ్మకూడదు. పంపుతో నడిచే మామూలు అమరికకే అది వర్తిస్తుంది. నీళ్లు ఏ గంటలో వాడుతున్నారన్నది దానికి పట్టదు.

ఆ గంటల లెక్క కావాలంటే తర్వాతి మెట్టు, సామ్ అని పిలిచే సిస్టమ్ అడ్వైజర్ మోడల్. అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల తయారుచేసిన ఉచిత ప్రోగ్రాము. ఏడాదిలోని 8,760 గంటలకూ లెక్క నడుపుతుంది, నీటి వాడకాన్ని కూడా గంటల వారీగా ఇవ్వొచ్చు. కప్పు గురించి దానికి చెప్పగలిగేవి వాలు, దిశ, నీడ మాత్రమే. వెనుక ఏముందో అది అడగదు. ఉష్ణరోధకం ఉన్న కలెక్టర్‌కు అది అడగకపోయినా నష్టం లేదని పైన చూశాం.

పోలీసన్, టీసోల్ అనేవి డబ్బు పెట్టి కొనాల్సిన ప్రోగ్రాములు. మొదటిది స్విట్జర్లాండ్‌ది, రెండోది బెర్లిన్‌లోని సంస్థది. పరీక్షించిన కలెక్టర్ల జాబితా, సిద్ధంగా గీసిన గొట్టాల అమరికలు వాటిలో ముందే ఉంటాయి. వారం వారం కొత్త భవనానికి అంచనా వేసే డిజైనర్‌కు ఆ సౌలభ్యం పెట్టిన డబ్బును రాబడుతుంది. ఒకే ఇంటికి ఒకేసారి చూసుకునేవారికీ, పరిశోధన విద్యార్థికీ సామ్ చాలు. విద్యార్థికి ఇంకో లాభం ఉంది: సామ్ లెక్కలను పైథాన్ నుంచి పిలవొచ్చు కాబట్టి, వాలునూ వైశాల్యాన్నీ మారుస్తూ వందల కేసులు ఒకే పూటలో నడపొచ్చు.

రేకే కలెక్టర్ అయినప్పుడు

గాజు లేకుండా, నల్ల రంగు వేసిన లోహపు కప్పు కింద గొట్టాలు బిగించి నీళ్లు పారించే అమరికలో లెక్క తలకిందులవుతుంది. గాజు లేనప్పుడు గాలి, ఆకాశం నేరుగా రేకుతో బేరమాడతాయి. సెకనుకు ఒక మీటరు గాలిలో పై నష్టం చదరపు మీటరుకు, డిగ్రీకి 9.5 వాట్లు అయితే, నాలుగు మీటర్ల గాలిలో అది 21కి చేరుతుంది. ఎంతోకాలంగా వాడుకలో ఉన్న మెక్ఆడమ్స్ సూత్రం ఇచ్చే విలువలివి. వాతావరణ ఫైళ్లలోని గాలి వేగం సాధారణంగా ఆరుబయట 10 మీటర్ల ఎత్తున కొలిచినది. కప్పు ఉపరితలం దగ్గర అంత గాలి ఉండదు. ఆ సంఖ్యను దిద్దకుండా వాడితే కలెక్టర్ పనితీరు ఉన్నదాని కన్నా హీనంగా కనిపిస్తుంది.

ఆకాశం సంగతి ఇంకా ఆసక్తికరం. గాలి 300 కెల్విన్ల దగ్గర, అంటే 27 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, తేటగా ఉన్న ఆకాశం 287 కెల్విన్ల వస్తువులా ప్రవర్తిస్తుందని స్విన్‌బ్యాంక్ సూత్రం చెబుతుంది. రేకు గాలితో సమాన ఉష్ణోగ్రతలో ఉన్నా సరే, ఆకాశానికి చదరపు మీటరుకు దాదాపు 68 వాట్లు పోగొట్టుకుంటుంది. గాలి ఉష్ణోగ్రతను మాత్రమే చూసే సమీకరణానికి ఈ నష్టం కనిపించదు.

అందువల్ల గాజు లేని కప్పుకు సామ్‌ను గానీ ఎఫ్-చార్ట్‌ను గానీ వాడమని చెప్పలేను. ఐఎస్‌ఓ 9806 ప్రమాణపు 2017 కూర్పులో గాలికీ పరారుణ వికిరణానికీ విడిగా గుణకాలున్నాయి. మీరు ఎంచుకునే ప్రోగ్రాము వాటిని తీసుకుంటుందో లేదో ముందు చూడండి. సౌర వ్యవస్థల కోసం రాసిన ట్రాన్సిస్ అనే ప్రోగ్రాముకు దొరికే అదనపు లైబ్రరీల్లో అలాంటి నమూనాలున్నాయి. భవనాల కోసం రాసిన ఎనర్జీప్లస్ అనే ప్రోగ్రాములోని నీటి కలెక్టర్ నమూనా గాలికీ ఆకాశానికీ విడి గుణకాలు లేని పరీక్షా సమీకరణంతో నడిచేది కాబట్టి ఇక్కడ అది కూడా సరిపోదు. చాలామందికి సొంతంగా రాసుకోవడమే దగ్గరి దారి. ఒకే పలక, నాలుగు వేడి ప్రవాహాలు. కష్టమైన కోడ్ కాదు.

శ్లాబులో గొట్టాలు

కాంక్రీటు కప్పులోనే గొట్టాలు పొదిగితే సమస్య వెనుక వైపుది కాదు, కాలానిది. 10 సెంటీమీటర్ల కాంక్రీటును పది డిగ్రీలు వేడెక్కించడానికి చదరపు మీటరుకు దాదాపు 0.56 కిలోవాట్ అవర్లు కావాలి. మంచి ఎండ రోజున పడేదే 5 లేదా 6. పైగా ఆ మందంలో వేడి ఒక వైపు నుంచి మరో వైపుకు పాకడానికి నాలుగు గంటల స్థాయి సమయం పడుతుంది. ఎండ మధ్యాహ్నం పతాక స్థాయికి చేరితే, నీటి వేడి సాయంత్రం వైపు జరుగుతుంది. అప్పటికప్పటి ఎండను అప్పటికప్పటి రాబడిగా మార్చే స్థిర సమీకరణం ఇక్కడ తప్పు జవాబు ఇస్తుంది, అదీ చాలా నమ్మకంగా ఇస్తుంది.

ఈ కేసులో గోడలో, శ్లాబులో వేడి నిల్వను సమయంతో పాటు లెక్కించే ప్రోగ్రాము తప్పనిసరి. ట్రాన్సిస్‌లోని భవన నమూనా, టైప్ 56, గొట్టాలు పొదిగిన చురుకైన పొరను గోడ లోపల పెట్టనిస్తుంది. నేలనూ పైకప్పునూ వేడి చేయడానికి, చల్లబరచడానికి ఉద్దేశించిన ఏర్పాటు అది. ఎండ తగిలే శ్లాబులో పెట్టి అందులో చల్లటి నీళ్లు పారిస్తే కలెక్టర్‌గా పనికొస్తుంది. గది మీద పడే ప్రభావం కూడా అదే లెక్కలో వస్తుంది, అది పెద్ద సుఖం. ఎనర్జీప్లస్‌లోనూ ఇలాంటి పొర ఉంది కానీ, దాని నియంత్రణ గది ఉష్ణోగ్రత చుట్టూ అల్లినది. ట్యాంకును వేడి చేయడానికి దాన్ని ఒప్పించాలంటే కొంత పోరాటం తప్పదు.

ట్యాంకునే కప్పులో కూర్చితే

నిల్వ, కలెక్టర్ రెండూ ఒకే పెట్టెలో ఉండే రకం ఇది. ఎనర్జీప్లస్ వైపు మొగ్గడానికి ఇదొక్కటే చాలు. ఈ రకానికి అందులో విడి నమూనా ఉంది. దాని అడుగు భాగం బయటి గాలిని తాకుతోందా, కప్పు ఉపరితలాన్నా అని అడుగుతుంది. కప్పు అని చెబితే ట్యాంకు నుంచి గదికి, గది నుంచి ట్యాంకుకు పోయే వేడి రెండు వైపులా లెక్కలో చేరుతుంది. ఎఫ్-చార్ట్‌ను ఇక్కడ మరిచిపోవచ్చు.

ట్రాన్సిస్, ఎనర్జీప్లస్: అసలు పోటీ ఇక్కడే

గదితో సంబంధం లెక్కలోకి రావాలని తేలాక, ఎక్కువ మంది ఈ రెండింటి మధ్య ఆగిపోతారు. రెండూ నమ్మదగినవే. స్వభావాలు వేరు.

ట్రాన్సిస్ 1975 నుంచి అందుబాటులో ఉంది. అది పుట్టింది కూడా విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు సౌరశక్తి ప్రయోగశాలలోనే. ఎఫ్-చార్ట్ వెనుక ఉన్న సిమ్యులేషన్లు దానితోనే నడిపారు. పుట్టుకతోనే సౌర వ్యవస్థల కోసం రాసినది కాబట్టి కలెక్టర్, ట్యాంకు, పంపు నియంత్రణ వంటివి ఒక్కొక్కటీ విడి భాగంగా, టైప్ అనే సంఖ్యతో దొరుకుతాయి. టైప్ 1 కలెక్టర్, టైప్ 4 పొరలు కట్టే ట్యాంకు. ఒకదాని నుంచి వచ్చే నీటిని మరోదానికి గీతతో కలపాలి. పంపు లేకుండా వేడి నీరు తనంతట తానే పైకెక్కే థర్మోసైఫన్ అమరికకు టైప్ 45 ఉంది. ఎనర్జీప్లస్‌లో ఆ ప్రవాహాన్ని లెక్కించే సిద్ధమైన భాగం లేదు. అటకలో ట్యాంకు, కింద వాలు కప్పులో కలెక్టర్ అన్న అమరికకు ఇది నిర్ణయాత్మకమైన తేడా.

ఎనర్జీప్లస్ వేరే దారిలో వచ్చింది. అమెరికా ఇంధన శాఖ తన పాత భవన ప్రోగ్రాములు డీఓఈ-2, బ్లాస్ట్‌ల వారసత్వంతో 2001లో దీన్ని విడుదల చేసింది. ఉచితం, మూల కోడ్ కూడా తెరిచి ఉంటుంది. గోడలు, కిటికీలు, గదిలో మనుషులు, ఏసీ భారం, ఇవన్నీ దాని సొంత ఇల్లు. వేడినీళ్లు అందులో ఒక గది మాత్రమే. కొత్తవారు దెబ్బతినే చోటు కూడా ఒకటుంది. కప్పు మీద గాజు కలెక్టర్‌ను గీసి, నీళ్ల లూపుకు కలిపి, గది చల్లబడిందా అని చూస్తారు. మామూలు పలక కలెక్టర్ నమూనా ఆ ఉపరితలపు కొలతలనూ దిశనూ నీడనూ మాత్రమే వాడుకుంటుంది. కలెక్టర్ వెనుక నుంచి కప్పుకు వేడి పంపదు. బొమ్మలో కలెక్టర్ కప్పులో కనిపించినంత మాత్రాన లెక్కలో కలిసినట్టు కాదు.

ట్రాన్సిస్‌లోనూ టైప్ 1 వెనుక ఉష్ణోగ్రతను బయటకు ఇవ్వదు. అక్కడ మాత్రం కలెక్టర్ వెనుక పొరను మీరే లెక్కగట్టి, ఆ ఉష్ణోగ్రతను టైప్ 56 గోడకు సరిహద్దుగా ఇవ్వొచ్చు. గోడ నుంచి తిరిగి వచ్చే వేడిని కలెక్టర్ వైపు కలపొచ్చు. ఎనర్జీప్లస్‌లోనూ అందులో ఉన్న ప్రోగ్రామింగ్ సదుపాయాలతో, కొత్త కూర్పుల్లో పైథాన్‌తో, ఇలాంటిదే సాధించవచ్చు. శ్రమ ఎక్కువ.

నన్ను అడిగితే, ప్రశ్నలో ప్రధాన భాగం నీళ్లదైతే ట్రాన్సిస్, గదిదైతే ఎనర్జీప్లస్. లైసెన్సు డబ్బు ఇవ్వలేని పరిస్థితి ఉంటే ఎనర్జీప్లస్‌తో మొదలుపెట్టి, దానికి అందని కలెక్టర్ భాగాన్ని బయట కోడ్‌గా రాసుకోవడం మేలు. రెండూ నేర్చుకుందామనుకుంటే ఏ ఒక్కటీ చేతికి రాకముందే గడువు ముగుస్తుంది.

మోడెలికా, సొంత కోడ్

మోడెలికా భాషలో సమీకరణాలు రాస్తే చాలు, వాటిని ఏ వరుసలో సాధించాలో అదే చూసుకుంటుంది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల తయారుచేసిన ఉచిత బిల్డింగ్స్ లైబ్రరీలో కలెక్టర్లు, ట్యాంకులు, గదులు ఉన్నాయి. కలెక్టర్ వెనుక ఒక ఉష్ణ నిరోధం, దాని తర్వాత చెక్క పొర, ఆ తర్వాత అటక గాలి అని ముక్కలు కలిపినట్టు కలపొచ్చు. కప్పులో కూర్చిన కలెక్టర్ ఆలోచనకు సహజంగా అమరే పనిముట్టు ఇదేనని నా అభిప్రాయం. లెక్క మధ్యలో ఆగిపోతే కారణం వెతకడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక ఉన్నవారికే దీన్ని సూచిస్తాను.

పైథాన్‌లో సొంతంగా రాయడం అనుకున్నంత కష్టం కాదు. సూర్యుడి స్థానం, వాలు మీద పడే ఎండ లెక్కించడానికి పీవీలిబ్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. పేరు చూసి విద్యుత్ ఫలకాలకే అనుకోనక్కరలేదు, ఎండ ఎవరికైనా ఎండే. మిగిలింది పలక, ట్యాంకు, నియంత్రణ. ట్యాంకును ఒకే ముద్దగా తీసుకోకుండా పది పొరలుగా విడగొట్టండి. ఒకే ముద్ద అయితే వేడి నీరు పైన, చల్ల నీరు కింద ఉండే అసలు తీరు చెడిపోయి, కలెక్టర్‌కు వెళ్లే నీరు ఉన్నదాని కన్నా వేడిగా కనిపిస్తుంది, రాబడి తగ్గుతుంది. సొంత కోడ్‌కు ఉన్న అతి పెద్ద లోపం, దాన్ని సరిచూసే రెండో మనిషి ఉండడు. సాధారణ గాజు కలెక్టర్ కేసును మీ కోడ్‌తోనూ సామ్‌తోనూ నడిపి, రెండూ దగ్గరగా వచ్చాకే కప్పు సంగతి కలపండి.

ద్రవ గతిశాస్త్రపు సీఎఫ్‌డీ ప్రోగ్రాముల గురించి కూడా అడుగుతుంటారు. కలెక్టర్ కింద గాలి సందులో ప్రసరణ, సమాంతర గొట్టాల్లో నీరు సమానంగా పంచుకుంటోందా అన్న ప్రశ్నలకు అవి పనికొస్తాయి. ఏడాది దిగుబడికి కాదు. అందులో తేలిన ఉష్ణ గుణకాన్ని తెచ్చి పై ప్రోగ్రాముల్లో పెట్టుకోవడమే సరైన వాడకం.

ప్రోగ్రాము కన్నా ఎక్కువ తేడా తెచ్చేవి

200 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 55కు తేవడానికి 8.1 కిలోవాట్ అవర్లు కావాలి. ఆ ట్యాంకు డిగ్రీకి 2 వాట్ల చొప్పున నష్టపోతుందనుకుంటే, 30 డిగ్రీల తేడాతో పన్నెండు గంటల రాత్రిలో 0.7 కిలోవాట్ అవర్లు పోతాయి. అంటే తొమ్మిది శాతం దాకా. నీళ్లు సాయంత్రమే వాడేస్తే ఈ నష్టంలో చాలా భాగం ఉండదు, తెల్లవారుజామున వాడితే మొత్తం ఉంటుంది. ఉష్ణరోధకం ఉన్న కలెక్టర్‌ను కప్పులో పెట్టాలా స్టాండు మీద పెట్టాలా అన్న తేడా 4 చదరపు మీటర్లకు, ఆరు గంటల ఎండకు 0.3 కూడా లేదు. సమీకరణాల మీద నెలలు గడిపి, వాడకం వేళలను మాత్రం ఊహించి రాసే పని ఎంత అసంబద్ధమో ఈ రెండు సంఖ్యలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఆ ఇంట్లో ఎప్పుడు ఎన్ని నీళ్లు వాడుతున్నారో వారం పాటు రాసుకోవడం మంచిది. అది కుదరకపోతే, జర్మనీలోని కాసెల్ విశ్వవిద్యాలయం నుంచి దొరికే డీహెచ్‌డబ్ల్యూకాల్క్ అనే చిన్న ప్రోగ్రాము గణాంకాల ఆధారంగా వాడకపు పట్టికను తయారుచేసి ఇస్తుంది.

రెండోది ఎండ లెక్క. వాతావరణ ఫైలులో ఉండేది సాధారణంగా సమతలం మీద పడే ఎండ. దాన్ని వాలు మీదకు మార్చే పద్ధతులు చాలా ఉన్నాయి. 1960ల నాటి లియూ, జోర్డాన్ పద్ధతి ఆకాశమంతా సమానంగా వెలుగుతుందనుకుంటుంది. పెరెజ్ పద్ధతి సూర్యుడి చుట్టూ, దిగంతం దగ్గర ఉండే అదనపు వెలుగును విడిగా చూస్తుంది. భూమధ్యరేఖ వైపు తిరిగిన వాలుకు మొదటిది సాధారణంగా తక్కువ చూపిస్తుంది. రెండు ప్రోగ్రాములు వేర్వేరు జవాబులు ఇచ్చినప్పుడు నేను మొదట చూసేది ఈ అమరికనే. రెండింటిలోనూ ఒకే పద్ధతి పెడితే తగాదా చాలాసార్లు అక్కడే తీరిపోతుంది.

ఫలితాన్ని నమ్మే ముందు

ఏ ప్రోగ్రామైనా సరే, ఏడాది చివర శక్తి ఖాతా సరిపోవాలి. కలెక్టర్ ట్యాంకుకు ఇచ్చినది, సహాయక హీటరు ఇచ్చినది కలిపితే, వాడిన నీటిలోని వేడికి, నష్టాలకు, ట్యాంకులో మిగిలిన మార్పుకు సమానం కావాలి. ఒక శాతం తేడా ఉన్నా ఎక్కడో గొట్టం కలవలేదన్నమాట. తర్వాత లెక్క వ్యవధిని సగానికి తగ్గించి మళ్లీ నడపండి, ట్యాంకు పొరలను రెట్టింపు చేసి ఇంకోసారి నడపండి. జవాబు కదిలితే మొదటి జవాబు మీ కలెక్టర్ గురించి కాదు, మీ వ్యవధి గురించి చెప్పింది.

కప్పులో కూర్చినవాటికి ఇంకో పరీక్ష అవసరం. నడి ఎండలో పంపు ఆపేసిన స్థితిని నడపాలి. పూత మంచిదైన గాజు కలెక్టర్‌లో నీరు కదలకపోతే పలక 170 డిగ్రీలు దాటగలదు. అప్పుడు 50 మిల్లీమీటర్ల ఉన్ని గుండా కూడా అటక వైపు చదరపు మీటరుకు 100 వాట్లు దిగుతాయి. స్టాండు మీది కలెక్టర్‌కు ఇది పట్టించుకోనక్కరలేని విషయం. చెక్క దూలాలకూ, నీరు కారకుండా వేసిన పొరకూ ఆనుకుని ఉన్న కలెక్టర్‌కు ఇదే మొదట చూడాల్సిన సంఖ్య. ఏడాది దిగుబడి మాత్రమే చూపే ప్రోగ్రాముల్లో ఇది కనిపించదు కాబట్టి, సామ్‌తో సరిపెట్టుకున్నవారు కూడా ఈ ఒక్క లెక్కను చేత్తో చేసి, ఆ పొర తయారీదారు ఇచ్చిన గరిష్ఠ ఉష్ణోగ్రతతో పోల్చి చూడాలి.